అన్నీ పచ్చబిళ్ళలే

ఆ చెక్కపని షెడ్డు గోడ మీది బోర్డు చూస్తే కళ్ళు చల్లబడాలి. బడి లైబ్రరీకి చేస్తున్న బల్లలు, బీరువాలు, సొరుగులు, అన్నిటి పక్కనా పచ్చబిళ్ళలే. పని సవ్యంగా సాగితే పచ్చ, ఆగితే ఎర్ర. ఎర్రబిళ్ళ పెట్టినవాళ్ళు వారమంతా రంపపు పొట్టు ఊడవాలని ఇదివరకు పని చూసిన ఇంటి అల్లుడు సరదాకి రూలు పెట్టాడు. ఇక తలకాయ ఉన్నవాడెవడైనా ఎర్రది ముట్టుకుంటాడా!

ఇప్పుడు పని చూసేది కోడలు. "ఈ ఆర్డరు గట్టెక్కించు. లేదంటే మళ్ళీ అల్లుడికే అప్పగిస్తా," అని మామగారు మొహం మీదే చెప్పేశారు. సోమవారం సరుకు వెళ్ళాలి. గురువారం పొద్దున ఆమె చూస్తే, సొరుగు ఒక్కటీ లోపలికి పోవడం లేదు. పాలిష్ అతను చేతిలో పనిలేక గోళ్ళు గిల్లుకుంటున్నాడు.

"ఏంటి బాబాయ్, ఈ సొరుగులు?" అంది వడ్రంగితో.

"అయిపోయినట్టేనమ్మా!"

పని మొదలెట్టకముందు కూడా ఆయన అదే అంటాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అందరినీ దులిపేద్దామని విసవిసా బోర్డు దగ్గరికి వెళ్ళింది. అక్కడ తన వరసే కనబడింది. బీరువా అద్దాలు, పచ్చ. అద్దాల కొట్టువాడు ఫోనెత్తి వారమైంది. రేపు ఎత్తుతాడులే అని తన చేత్తో పెట్టిన పచ్చ. సిగ్గేసింది. అందరూ చూస్తుండగా దాన్ని పీకి ఎర్రది పెట్టి, చీపురు అందుకుంది.

రంపం చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి వడ్రంగి గొంతు సవరించుకుంటూ వచ్చాడు. "కొలత తప్పానమ్మా. ఎలాగోలా సర్దేద్దామనుకున్నా," అని తనూ ఎర్రబిళ్ళ పెట్టాడు.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా మహానుభావా! ఖాళీగానే ఉన్నా, నేనూ చిత్రిక పడతా," అన్నాడు పాలిష్ అతను.

ఆమె బడికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. "బల్లలూ సొరుగులూ వస్తే చాలు, అద్దాలు తర్వాత బిగించండి. ముందే చెప్పి మంచిపని చేశారు," అంది పెద్ద టీచరు.

మధ్యాహ్నం మామగారు వచ్చేసరికి బోర్డు సగం ఎర్రగా ఉంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో వరసా నిదానంగా చదివారు.

"అల్లుడున్నన్నాళ్ళూ దీని వంక చూడనే లేదు. అన్నీ పచ్చబిళ్ళలే అయితే చూసి లాభమేంటి?" అంటూ చొక్కా చేతులు మడిచారు. "చెప్పమ్మా, నన్నేది పట్టుకోమంటావు?"

ఇంట్లోగానీ షెడ్డులోగానీ ఏం చేయమంటావని ఒకరిని అడిగి ఎరగని మనిషి. ఆమె చిత్రిక తీసి ఆయన చేతికిచ్చింది.

"సొరుగులు, మామయ్యా," అంది.