ఆపమని చెప్పు

బస్టాండులో బస్సుల రాకపోకలు మైకులో చెప్పడం నా ఉద్యోగం. చెప్పిందే చెప్పి, గొంతు అరగదీసుకుని ఇంటికొస్తే ఇంట్లోనూ అదే పని. మా ఆయనకీ మా తమ్ముడికీ మాటల్లేవు. అన్నం దగ్గర ఉప్పు అందుకోవాలన్నా మధ్యలో నేనే మైకు.

మా ఆయన పళ్ళ డాక్టరు. తమ్ముడు బస్సు డిపోలో మెకానిక్కు. ఇద్దరూ ముచ్చటపడి కలిసి కొన్న పాత కారొకటి మా షెడ్డులో ఉంది. మా ముత్తాతల నాటిది. దాని ఇంజిన్ మీద సూపర్‌చార్జర్ అని ఓ ఇనప గుమ్మడికాయ కూర్చుని ఉంటుంది. గాలిని బలవంతంగా లోపలికి తోయడం దాని పని. దాని కిందున్న వాల్వులు చూడాలంటే ముందు ఆ మహాతల్లిని గొట్టాలతో సహా దింపాలి.

గొడవంతా ఆ వాల్వుల వల్లే వచ్చింది. టకటకమంటున్నాయని, తమ్ముడు లేనప్పుడు మా ఆయన వాటి సందులన్నీ బిగించేశారు. ఇంజిన్ పిల్లిలా మెత్తగా నడిచింది, ఓ వాల్వు మాడిపోయేదాకా. "పళ్ళు పీకే చేత్తో ఇంజిన్ ముట్టుకుంటే ఇంతే" అన్నాడు తమ్ముడు. "నూనె చేతులవాడికి నా చేతుల సంగతెందుకు?" అన్నారు ఈయన. అంతే, ఇద్దరి నోళ్ళూ పడిపోయాయి.

ఇప్పుడు తమ్ముడికి దూరంగా బదిలీ అయింది. సోమవారం ప్రయాణం. ఇలా మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోతే వీళ్ళిద్దరూ ఈ జన్మకి కలవరని నాకు ఒకటే దిగులు. శనివారం పొద్దున్నే తమ్ముడు పనిముట్ల సంచీతో వచ్చాడు. "కొత్త వాల్వు వేసేశాను కదక్కా, సందులు సరిచేసి పోతాను" అన్నాడు.

చిక్కేమిటంటే తమ్ముడి వేళ్ళు ఆ ఇరుకులో దూరవు. మా ఆయన వేళ్ళు మాత్రం ఊరందరి నోళ్ళలో తిరిగినవి, ఎక్కడైనా దూరతాయి. కాబట్టి కారు ముందు కూర్చుని ఇంజిన్ హ్యాండిల్ తిప్పేది తమ్ముడు. వాల్వుకీ దాన్ని నొక్కే కడ్డీకీ మధ్య సన్నటి రేకు దూర్చి సందు కొలిచేది ఈయన.

"మీ తమ్ముణ్ణి తిప్పమను."

"తిప్పరా."

"ఆపమని చెప్పు."

"ఆపరా."

"ఆపానని చెప్పక్కా."

ఇద్దరికీ మధ్య ఓ బానెట్టు దూరం. చెవులు శుభ్రంగా పనిచేస్తున్నాయి. అయినా నా నోట రానిదే తమ్ముడి చెయ్యి ఆగదు. నేను నోరు తెరిచేలోపు హ్యాండిల్ ఇంకాస్త తిరిగిపోతుంది. వాల్వు పూర్తిగా మూసుకుని ఉండగా సరిచేయాల్సిన సందు కాస్తా, అది తెరుచుకోబోతుండగా సరిచేయాల్సి వస్తోంది.

"దాటిపోయింది. వెనక్కి తిప్పమని చెప్పు."

"నేను తిప్పిన ఇంజిన్ వెనక్కి తిప్పే ప్రసక్తే లేదని చెప్పక్కా."

ఇంకో చుట్టు తిప్పమని అడిగితే ఈయన పరువు పోతుందట. పంతానికి, ఎక్కడాగితే అక్కడే కొలిచి బిగించేశారు.

సాయంత్రానికి అన్నీ ఎక్కించి స్టార్ట్ చేశారు. అటక మీది గిన్నెలన్నీ ఒక్కసారిగా కిందపడ్డట్టు మోత. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది.

"మీ తమ్ముడు సరిగ్గా ఆపలేదని చెప్పు."

"బావ సరిగ్గా కొలవలేదని చెప్పక్కా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరూ మీరూ చెప్పుకు చావండి. రేపు నేను నోరు విప్పితే ఒట్టు" అనేసి లోపలికి పోయాను.

ఆదివారం మళ్ళీ మహాతల్లిని దింపారు. నేను మూతి బిగించుకుని స్టూలు మీద కూర్చున్నాను. మైకు మూగబోయేసరికి మా ఆయన స్పానరుతో ఓ భాష కనిపెట్టారు. ఒక దెబ్బ కొడితే తిప్పాలి, రెండు కొడితే ఆపాలి. గాలికి చెబుతున్నట్టు పైకి చూస్తూ చెప్పారు. తమ్ముడు గోడకు తల ఊపాడు. మాట్లాడుకోవడం తప్ప అన్నీ చేస్తారు, వెధవ పంతాలు.

ఒక దెబ్బ పడింది. హ్యాండిల్ తిరిగింది. రెండు దెబ్బలు కొట్టబోతుంటే స్పానరు జారి నేల మీద పడింది. తమ్ముడు తిప్పుతూనే ఉన్నాడు. కడ్డీ కింద మా ఆయన వేలు.

"ఒరేయ్, ఆపరా! వేలు!"

మా ఆయన కేకకి షెడ్డు దద్దరిల్లింది. తమ్ముడి మొహం పాలిపోయింది. "కదలకు బావా, కదలకు!" అంటూ హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని ఇంజిన్‌ని వెనక్కి తిప్పాడు.

వేలు బయటికొచ్చింది. తోలు లేచింది, అంతే. తమ్ముడు దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"విరగలేదు కదా బావా?"

"లేదులే. దీంతోనే నీ జ్ఞానదంతం పీకాలి."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వేలికి గుడ్డ కట్టాను. ఆ తర్వాత అరుపులే అరుపులు. తిప్పు, ఆపు, ఆపమన్నానా, ఆపాను కదా, కళ్ళు కనబడవా. నన్నెవరూ పిలవలేదు. సందులన్నీ చక్కగా కుదిరాయి. ఇంజిన్ స్టార్ట్ చేస్తే సన్నగా టిక్కు టిక్కుమంది.

మా ఆయన మొహం చిట్లించారు. "ఇంకా చప్పుడొస్తోంది కదరా."

"ఆ మాత్రం రావాలి బావా. సందు లేకుండా బిగిస్తే వాల్వు సరిగ్గా మూసుకోదు. చప్పుడు లేకుండా లోపల్లోపలే మాడిపోతుంది."

మా ఆయన కాసేపు వేలి కట్టు చూసుకున్నారు. "నువ్వు మాట్లాడనన్నాళ్ళూ నాకూ అలాగే ఉందిరా" అన్నారు. తమ్ముడు గుడ్డ తీసుకుని, శుభ్రంగా ఉన్న బానెట్టునే మళ్ళీ తుడిచాడు.

సోమవారం తమ్ముడి బస్సు నా మైకు గదికి ఎదురుగానే ఆగింది. వాడు బస్సు కిటికీలోంచి, మా ఆయన కిందనుంచి చేతులూపుకుంటూ పోట్లాడుకుంటున్నారు. సందు ఎంత ఉండాలన్నదే తగువు. జనం చుట్టూ మూగారు. డ్రైవరు నావైపు చూశాడు. నేను ఆఖరిసారి మైకులో చెబితే గాని బస్సు కదలదు.

మైకు అందుకుని, నోటిదాకా తెచ్చి, మళ్ళీ కింద పెట్టేశాను. ఇంకాసేపు పోట్లాడుకోనీ.