ఆశన్న నీడ

శనివారం సాయంత్రం దుబాయ్‌లోని సోనాపూర్ కూలీల క్యాంపులో బట్టలు ఉతుక్కోవడం అయిందంటే, ఆదివారం ఏం చేద్దామన్న చర్చ మొదలవుతుంది. మామూలుగా ఆ చర్చ బర్ దుబాయ్ దాకా పోయి సమోసాల దగ్గర ఆగిపోతుంది. ఈసారి మాత్రం పెద్దిరాజు మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఫుజైరా కొండ ఎక్కుదామన్నాడు.

"మన దక్షిణామూర్తి మేకలు కాస్తున్నాడు కదా, ఆ రాతి గుడిసె దాకా. తెల్లారగట్ల వ్యాన్‌లో బయల్దేరితే పొద్దు వాలేలోపు దిగొచ్చేయొచ్చు."

పెద్దిరాజు గోదావరి జిల్లా మనిషి, పెళ్లి హడావుడి లేకుండా ఏ పనీ చేయడు. నీళ్లు ఎవరు మోయాలి, ఖుబ్సు రొట్టెలు ఎన్ని కొనాలి, కోడికూర ఇప్పుడే వండాలా వద్దా, అన్నీ తనే తేల్చేశాడు. ఆ కొండలు భూమి లోపలి నిప్పు ఉబికొచ్చి గడ్డకట్టినవట. అంతా నల్లరాయి. చలికాలంలో కూడా మధ్యాహ్నానికి పెనంలా కాలుతుందని, పైన చెట్టన్నది లేదని వ్యాన్ డ్రైవర్ భయపెట్టాడు.

"దానికేముంది, ఆశన్న నీడ ఉందిగా!" అని పెద్దిరాజు ఆ బెంగ కూడా తీర్చేశాడు.

నిజమే. ఆశన్న నీడ చింతచెట్టంత ఉంటుంది, అంతే చల్లగానూ ఉంటుంది. జగిత్యాల దగ్గరి ఊరి నుంచి ఆయన వచ్చిన నాటి నుంచీ సైటులో అందరూ అన్నాలు తినేది అందులోనే. కొత్తగా వచ్చినవాళ్లు కూడా మర్నాటికల్లా డబ్బా పట్టుకొచ్చి మంచి జాగా కోసం తోసుకుంటారు.

"నా పానం మంచిగ లేదు. మీరు పోయి రాండ్రి" అన్నాడు ఆశన్న, గోడవైపు తిరిగి.

ప్రాణం బాగానే ఉంది. బాగాలేనిది మనసు. పోయిన జూన్‌లో, ఎండాకాలంలో మధ్యాహ్నం పని ఆపే సర్కారు విరామం మొదలుకాకముందే, దక్షిణామూర్తి జ్వరంతోనే పనిలోకి వచ్చాడు. ఇనుప చువ్వలు కడుతూ, "అన్నా, జర నా పక్కపొంటి ఉండు" అని బతిమాలాడు. ఆశన్న ఉన్నాడు కూడా. అంతలో సైటు పెత్తనం చేసే ముదీర్ కారు దిగాడు. ఫోన్ మాట్లాడుకోవడానికి ఆయనకు చల్లటి చోటు కావాలి. ఆశన్న సెలవు అడిగి చాలా కాలమైంది, ఇవ్వాల్సింది ఆయనే. "ఇప్పుడే వస్త తమ్మీ" అని ఆశన్న పోయాడు. ముదీర్ మాటలు ఎంతకీ తెగలేదు. తిరిగొచ్చేసరికి దక్షిణామూర్తి చువ్వల మీద పడి ఉన్నాడు.

బతికాడు. కానీ ఎండ తగిలితే చాలు, కళ్లు తిరిగి పడిపోతున్నాడు. కంపెనీ వద్దంది. వీసాకు పూచీపడే కఫీల్ ఎవరో దయతలచి మేకల దగ్గర పెట్టుకున్నాడు. చీకటి ఉండగానే వాటిని మేపుకొచ్చి, పగలంతా ఆ గుడిసెలోనే పడి ఉంటాడు. ఆశన్నకేమో సెలవు దొరికింది. ఊరికెళ్లి పిల్లల మధ్య కూర్చుని కడుపునిండా తిన్నాడు. ఆ తిన్నది ఇప్పటికీ అరగలేదు. తప్పు చేశానన్న బాధ పొద్దున తనకన్నా ముందే లేస్తుంది.

"నువ్వు రాకపోతే ఎలాగన్నయ్యా? మూర్తి కూడా ఫోన్లో నిన్నే అడిగాడు, అన్న వస్తుండా అని" అన్నాడు పెద్దిరాజు.

మూర్తి తిట్టి ఉంటే అంత గుచ్చుకునేది కాదు. ఆశన్న కాసేపటికి లేచి, బూట్లకు పట్టిన సిమెంటు గీకడం మొదలుపెట్టాడు.

కొండెక్కుతున్నంతసేపూ అందరూ ఆయన నీడలోనే ఒదిగి నడిచారు. గుడిసె చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. దక్షిణామూర్తి తలుపు తీశాడు గానీ గడప దాటలేదు. మొహం పాలిపోయి ఉంది.

"చిక్కినవేందన్నా?" అని, లోపలి నుంచే చెయ్యి చాచి పాలు లేని సులేమానీ చాయ్ అందించాడు.

ఆశన్న చాయ్ తాగి గ్లాసు గడప మీద పెట్టాడు. గడప ముందుకు జరిగి నిలబడ్డాడు. నీడ గుడిసె ముందంతా పరుచుకుంది.

"జర బయటికి రా, మూర్తీ."

దక్షిణామూర్తి ఒక కాలు బయటపెట్టి ఆగాడు. తర్వాత రెండోది పెట్టాడు. పట్టపగటి కొండలను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. పెద్దిరాజు అక్కడే కూర గిన్నె తెరిచాడు.

దిగేటప్పుడు సగం దారిలో పెద్దిరాజు చెమట తుడుచుకుంటూ వెనక్కి చూశాడు.

"అన్నయ్యా, నీ నీడేదీ?"

"ఆడనే ఉండుమన్న."

"మరి మన సంగతో?"

ఆశన్న ముందుకు నడిచాడు. పెద్దిరాజు కాసేపు సణిగి, తువ్వాలు తడుపుకుని నెత్తిన వేసుకున్నాడు.

మర్నాడు సైటులో ముదీర్ కారు దిగి ఆశన్నను పిలిచాడు. ఆశన్న వెళ్లి పక్కన నిలబడ్డాడు. ముదీర్ నేలవైపు ఒకసారి చూసి, మళ్లీ కారెక్కి తలుపు వేసుకున్నాడు. ఇక తన సెలవు సంగతి ఖలాస్ అని ఆశన్నకు తెలిసిపోయింది.

అన్నాల వేళ ఫోన్ మోగింది. అవతల గాలి హోరు, మేకల అరుపులు.

"అన్నా, పట్టపగలు మేకలను తోలుకొచ్చిన! నీ నీడ నా ఎంబడే నడుస్తుంది." దక్షిణామూర్తి ఒక మేకను అదిలించాడు. "మరి నువ్వేడున్నవన్నా?"

"ఎండల" అన్నాడు ఆశన్న.