పెన్సిలు గుర్తు పక్కన

నేను డైరెక్టర్‌నయ్యానన్న శుభవార్త వచ్చేసరికి బాల్కనీలో తడిబట్టలు ఆరేస్తున్నాను. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మా ఆయన చొక్కాకి క్లిప్పు పెడుతుంటే, "డైరెక్టర్ గారూ, మీ పేరు ఖాయమైంది" అన్నారాయన. క్లిప్పు జారి కిందింటివాళ్ల పూలకుండీలో పడింది. నవ్వొచ్చింది. పెళ్లయి రెండు నెలలు. ఈ మధ్య నాకు అన్నిటికీ నవ్వొస్తోంది, ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు కనబడినా సరే.

విదేశీ కంపెనీలకు ఇక్కడి చట్టాల దారి చూపించడం మా ఆయన ఆఫీసు పని. అనుమతులు, రిజిస్ట్రేషన్లు, ఏటా దాఖలు చేసే కాగితాలు. ఇక్కడ వ్యాపారం చేసే కంపెనీకి కనీసం ఒక్క డైరెక్టరైనా ఇక్కడే నివాసముండాలని చట్టం. ఆ యజమానులు వచ్చి ఉంటారా? అందుకని ఆ మనిషిని మా ఆయనే చూసిపెడతారు. పన్నెండేళ్లుగా ఆ మనిషి మా అత్తయ్య. ఆ సంగతి ఆవిడే చెప్పారు, కూరగాయలు తరుగుతూ.

"పెన్సిలుతో గుర్తు పెట్టి తెస్తాడమ్మా, దాని పక్కన సంతకం గీకడమే. చదవాలంటే కళ్లద్దాలు వెతుక్కోవాలి. ఈలోగా పొయ్యి మీద కూర మాడుతుంది."

ఇప్పుడు ఆవిడ చెయ్యి వణుకుతోంది. సంతకం పాతదాన్ని పోలడం లేదని రిజిస్ట్రార్ ఆఫీసు కాగితాలు తిప్పి పంపిందట. అందుకే ఆవిడ స్థానంలో నా పేరు.

సాయంత్రం ఆయన విజిటింగ్ కార్డులు తెచ్చారు. నా పేరు, దాని కింద డైరెక్టర్. వాసన చూశాను. ఒకటి అద్దం అంచున గుచ్చాను. కాలేజీలో కంపెనీ చట్టం పేపర్లో నాకే ఎక్కువ మార్కులు మరి.

"ఆఫీసులో నా కుర్చీ ఎక్కడ?" అన్నాను.

"కుర్చీ ఎందుకు, డైనింగ్ టేబుల్ ఉందిగా" అని నవ్వి, ఫైలు తెరిచారు. పెన్సిలు గుర్తులు వరసగా ఉన్నాయి. నేను టీ పెట్టుకొచ్చి, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను.

"చదువుతున్నావేంటి?" అన్నారు, టీలో ఉప్పు వేశానేమో అన్నట్టు చూసి.

నాలుగో పేజీలో ఇలా ఉంది. 'కంపెనీ రసాయనాల గిడ్డంగిని నేను స్వయంగా తనిఖీ చేశాను. అత్యవసర ద్వారాలు పనిచేస్తున్నవి. ఇది అబద్ధమని తేలితే శిక్షకు నేనే బాధ్యురాలిని.' ఆ గిడ్డంగి ఏ దిక్కున ఉందో కూడా నాకు తెలియదు.

"నేను చూడలేదుగా" అన్నాను.

"ఎవరు చూస్తారు? అమ్మ ఒక్కసారైనా అడిగిందా? చదువుకున్న పిల్లను చేసుకుంది నాతో వాదించడానికా? నీ సంతకం ముచ్చటగా ఉంటుంది, పెట్టెయ్. రేపు సాయంత్రంలోగా దాఖలు చెయ్యాలి."

నా సంతకం. మేం మొదటిసారి కలిసినప్పుడు కాఫీ కప్పు కింది టిష్యూ కాగితం లాగి, దాని మీద సంతకం పెట్టమన్నారు. పెట్టాను. "ఇంకొకటి" అన్నారు. రెండూ మార్చి మార్చి చూసి, "అచ్చు గుద్దినట్టున్నాయి" అని మురిసిపోయి, మడిచి పర్సులో దాచుకున్నారు. ఆ కథ స్నేహితురాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో. గిన్నెలు తోముతుంటే గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకునేదాన్ని. ఇప్పుడు ఫైలు వెనక్కి తిప్పాను. అత్తయ్య సంతకం చెల్లదని తిప్పి పంపిన కాగితం అక్కడే ఉంది, ఎర్రసిరా తారీఖుతో. మేం కలిసిన రోజుకు సరిగ్గా వారం ముందు.

టీ మీద మీగడ కట్టింది. పెన్ను మూత పెట్టేశాను.

"రేపు పొద్దున గిడ్డంగికి వెళ్దామండీ. చూశాకే సంతకం."

"అమ్మా, నువ్వన్నా చెప్పు దీనికి" అన్నారాయన, వంటింటి వైపు తిరిగి.

అత్తయ్య వచ్చి, కళ్లద్దాలు వెతికి పెట్టుకున్నారు. వణికే వేలు ఒక్కో వరస కింద ఆనిస్తూ ఆ పేజీ అంతా చదివారు. ఇద్దరం ఎదురుచూశాం. వేలు పెన్సిలు గుర్తు దగ్గర ఆగింది.

"చూశానని పన్నెండేళ్లు రాశానా నేను?" అన్నారు. ఆవిడ ఫైలు మూసి తన వైపు లాక్కున్నారు.

"ఎనిమిదింటికల్లా తయారవమ్మా. నేనూ వస్తున్నాను. ఆ తలుపులు తెరుచుకుంటాయో లేదో ముందు నేను తోసి చూడాలి."