వంటింట్లో పరుగెత్తిన అంకె

బయట గొళ్లెం పడిన చప్పుడు దేవసహాయానికి వినబడలేదు. పెరటి గోడ అవతల జొన్నల నూర్పిడి మిషను పొద్దుటి నుంచీ హోరెత్తిస్తోంది. పొట్టు ఎగిరి వస్తోందని తలుపు దగ్గరగా వేసింది తనే.

బోథ్ ఊళ్లో లింగారావు దొర ఇంటి వెనక గోబర్ గ్యాసు ప్లాంటు పెట్టి నాలుగేళ్లయింది. పేడ గుంత మీది ఇనుప డ్రమ్ము నుంచి వంటింటికి వెళ్లే గొట్టం ఈ చిన్న గది గుండా పోతుంది. మీటరు ఇక్కడే ఉంది. ఇల్లు రోజుకెంత గ్యాసు వాడుతుందో తెలుసుకోవాలని హైదరాబాదు సంస్థ ఒకటి దానికి డిజిటల్ రీడర్ బిగించి రమ్మని దేవసహాయాన్ని పంపింది. 1987లో అలాంటి రీడర్ జిల్లాకు కొత్త. మీటరు చక్రానికి ఒక అయస్కాంతపు బిళ్ల, పక్కనే గాజు గొట్టంలో మూసి ఉన్న చిన్న స్విచ్చు. చక్రం తిరిగి బిళ్ల స్విచ్చు ముందు నుంచి పోయినప్పుడల్లా, తీగ చివర వంటింటి గూట్లో ఉన్న పెట్టెలో ఎర్ర అంకె ఒకటి పెరుగుతుంది.

పొద్దున ఆ పెట్టె అమరుస్తుంటే లింగారావు భార్య లీలాబాయి గడప మీద కూర్చుని చూసింది.

"మా పొయ్యి మండుడు మాకు కనవడ్తలేదా? గీ ఎర్ర అంకెలెందుకయ్యా?"

"మీకు కనవడ్తదమ్మా. హైదరాబాదోళ్లకు కనవడాలె గద."

అంకెలు పుస్తకంలో రాసే పని కోడలు నిర్మలాదేవిది. ఆమె తలుపు చాటున నిలబడింది. దేవసహాయం గోడకేసి చూస్తూ చెప్పాడు. "పొయ్యి బంద్ ఉన్నప్పుడు అంకె కదిలితే లీకున్నట్టు, దొరసానీ. జల్ది డ్రమ్ము కాడి వాల్వు మూయుండ్రి."

"అది పెరట్ల ఉన్నది," లీలాబాయి అంది. "బయటి మొగోళ్లున్నంత సేపు మా కోడలు పెరట్లకు రాదు."

ఇప్పుడు గదిలో మీటరు నట్టుకు పానా పట్టి తిప్పగానే, తుప్పు తిన్న గొట్టం గోడ మొదట్లో పుటుక్కున విరిగింది. బుస్సుమని గ్యాసు. కుళ్లిన గుడ్ల వాసన. వాల్వు మూయడానికి లేచి తలుపు నెట్టాడు.

కదల్లేదు.

భుజంతో గుద్దాడు. అది టేకు తలుపు. కోతుల బాధకు ఈ ఇంట్లో ప్రతి తలుపుకూ బయట గొళ్లెం ఉంది, వెంటిలేటరుకు రేకు కొట్టి ఉంది. లోపల మనిషి ఉన్నాడని తెలియాలంటే గడప ముందు చెప్పులుండాలి. అతని చెప్పులు వీధి గేటు దగ్గరున్నాయి. దొర ఇంటికొస్తే తమ వాడవాళ్లంతా అక్కడే విడుస్తారు. తాత విడిచాడు, తండ్రి అహరోను విడిచాడు, పాలిటెక్నిక్ చదివిన తనూ ఆలోచించకుండా విడిచాడు.

అరిచాడు. మిషను హోరులో తన గొంతు తనకే సరిగా వినబడలేదు. చేతిరుమాలు విరిగిన చోట కుక్కితే బుస తగ్గింది, ఆగలేదు. నెత్తి మీద బల్బు వెలుగుతోంది. ఆర్పుదామని చేయి చాచి వెనక్కి తీసుకున్నాడు. బల్బు స్విచ్చులో ఒక్క నిప్పురవ్వ చాలు.

కళ్లు మండాయి. కణతలు కొట్టుకున్నాయి. గొట్టం విరిగింది మీటరుకు ముందు. గ్యాసు మీటరు దాకా రాదు, చక్రం తిరగదు, వంటింట్లో అంకె కదలదు.

చక్రం తిరగదు. కానీ మీటరు స్విచ్చుకు కావలసింది చక్రం కాదు.

సంచీ తడిమి మిగిలిన అయస్కాంతపు బిళ్ల తీశాడు. స్విచ్చు ముందు అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టాడు. యాభై. వంద. నిర్మలాదేవి అసలు వంటింట్లో ఉందా? ఉన్నా పెరట్లోకి వస్తుందా? రెండు వందలు. తలుపు కింది సందు దగ్గర నోరు పెట్టి పొట్టుతో నిండిన గాలి పీల్చి, మళ్లీ వచ్చి ఊపాడు.

బుస ఆగిపోయింది.

ఆమె వాల్వు మూసింది! తలుపు సందు కింద నీడ ఒకటి కదిలింది. దబదబ బాదాడు. నీడ ఆగలేదు, ఇంట్లోకే పోయింది. గదిలో నిండిన గ్యాసు మాత్రం ఎక్కడికీ పోలేదు. కూలబడ్డాడు. కూర్చునే చేయి ఎత్తి, బిళ్ల ఊపుతూనే ఉన్నాడు. ఎన్నో లెక్క తప్పింది.

గొళ్లెం ఊడింది.

వెలుతురులో నిర్మలాదేవి, వెనక లీలాబాయి. దేవసహాయం పాక్కుంటూ బయటికొచ్చి గోడకు ఆనుకున్నాడు.

"గ్యాసు బంద్ చేసిన. అయినా అంకె ఉరుకుతనే ఉన్నది," నిర్మలాదేవి అంది. "నడిపేటోడు లోపట ఉన్నడనుకున్న."

లీలాబాయి చెంబుతో నీళ్లు అందించింది. "గడప ముంగట చెప్పుల్లేవయ్యా. పోయినవనుకొని గొళ్లెం పెట్టిన."

"చెప్పులు గేటు కాడున్నయమ్మా."

దేవసహాయం నీళ్లు తాగాడు, తల కుదుటపడేదాకా కూర్చున్నాడు, లేచి గేటు దగ్గరికి వెళ్లాడు. చెప్పులు వేసుకునే పెరట్లోకి నడిచొచ్చి, గ్యాసు గది గడప ముందు విడిచి, పానా అందుకున్నాడు. లీలాబాయి చెప్పుల వైపు చూసింది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"ఇగ నువ్వు లోపటికి నడువు."

నిర్మలాదేవి డ్రమ్ము దగ్గరికి నడిచి వాల్వు మీద చేయి వేసింది.

"ఆయన గొట్టం బిగించేదాక గిక్కడ ఒకలు ఉండాలె గద, అత్తమ్మా."