మూడో నంబరు బిళ్ళ

కోక్తస్ రాగి కర్మాగారంలో, గని నుంచి వచ్చిన రాయిని నలగ్గొట్టే క్రషర్ సెక్షన్‌లో, ఒరిన్‌కుల్ కూర్చునే కిటికీ చూసి అందరూ కుళ్ళుకునేవారు. బయట మంచు ఎముకలు కొరుకుతుంటే ఆవిడ గది మాత్రం వెచ్చగా ఉంటుంది. పక్కన టీ కెటిలు, ఎదురుగా గోడ నిండా మేకులు, మేకులకి ఇత్తడి బిళ్ళలు. ఒక్కో యంత్రానికి ఒక్కో బిళ్ళ. బిళ్ళ యంత్రం పెట్టెలో పెడితేనే అది కదులుతుంది, లేకపోతే దాని తాత దిగొచ్చినా కదలదు. బాగు చెయ్యడానికి బెల్టు కిందికి దూరేవాడు ముందు కిటికీ దగ్గరికొచ్చి, పుస్తకంలో సంతకం పెట్టి, ఆ యంత్రం బిళ్ళని ఎర్ర మేకుకి తగిలింపజేసి పోతాడు. పనయ్యాక వాడే తిరిగొచ్చి తన సంతకం తనే కొట్టేస్తే గాని ఆ బిళ్ళ ఎర్ర మేకు దిగకూడదు. అడిగేవాడు డైరెక్టరైనా సరే, ముందు సంతకం పెట్టినవాడు రావాలి.

రూలు బాగానే ఉంది. రాసినవాడెవడో గాని, వాడు కోడలై ఒకరింట కాపురం చేసినవాడు మాత్రం కాదు.

ఎందుకంటే ఆ సెక్షన్‌కి మేస్త్రీ ఒరిన్‌కుల్ మామగారే. ఆయన పేరు మీకిప్పుడు చెప్పను. పదకొండేళ్ళ కాపురంలో ఆవిడ ఒక్కసారి కూడా ఎత్తని పేరు నేనెత్తడం దేనికి? మా కోడళ్ళు మెట్టినింటి పెద్దల పేర్లు పలకరు, అంతే. ఇంకా చిక్కేమిటంటే, ఆయన పేరు మా భాషలో గురువారానికున్న మాటలోంచి పుట్టిన పేరు. అందుకని ఆవిడ గురువారాన్ని కూడా వదిలేసింది. "శుక్రవారం ముందు రోజు" అంటుంది.

ఫిట్టరు నుర్తాయ్‌కి ఇది మంచి కాలక్షేపం. ఒరిన్‌కుల్ భర్తా అతనూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. కిటికీ దగ్గరికొచ్చినప్పుడల్లా ఏడిపించకపోతే అతనికి తోచదు.

"వదినా, జీతాలెప్పుడు?"

"శుక్రవారం ముందు రోజు."

"అయ్యో పాపం, ఆ రోజుకి తల్లీతండ్రీ పేరైనా పెట్టలేదా?"

"పోవోయ్! బెల్టు నట్లతో పాటు ఆ నోరు కూడా బిగించుకురా."

ఫిబ్రవరిలో ఒకరోజు, అదీ శుక్రవారం ముందు రోజే, నుర్తాయ్ సంతకం పెట్టి మూడో నంబరు బిళ్ళని ఎర్ర మేకుకి వేయించి వెళ్ళాడు. గంట గడిచింది. ఆ గంటలో పైనుంచి మూడుసార్లు ఫోనొచ్చింది, బెల్టు ఇంకా ఎందుకు ఆగి ఉందని. నాలుగోసారి ఫోను మోగేలోపే మామగారు కిటికీ ముందు నిలబడ్డారు.

ఒరిన్‌కుల్ చటుక్కున లేచింది. తలగుడ్డ సర్దుకుని తల వంచింది.

"మూడోది ఇటియ్యి తల్లీ. కుర్రాడు పని ముగించుకుని టీ తాగుతున్నాడు, నా కళ్ళతో చూశాను. పైవాళ్ళు చంపుకు తింటున్నారు."

పుస్తకంలో నుర్తాయ్ సంతకం ఉన్నది ఉన్నట్టే ఉంది, కొట్టెయ్యలేదు. ఇంకో మేస్త్రీ అయితే "ముందు వాణ్ణి రమ్మను, తర్వాత మాట్లాడు" అని మొహం మీదే అనేసేది. ఆవిడ నోరేమీ తక్కువ కాదు. కానీ మామగారితోనా? మీ కళ్ళని నేను నమ్మను అనా? ఇక్కడ సంతకం పెట్టి పట్టుకెళ్ళండి అనా? ఆయన ఎదురుగా కూర్చుని కూడా ఎరగని మనిషి. బిళ్ళని రెండు చేతులా అందించింది.

టీ తాగుతున్నది నుర్తాయ్ కాదు. అలాంటి నారింజ జాకెట్టే వేసుకున్న ఇంకొకడు.

మూడో బెల్టు కదిలింది. నిమిషం తిరక్కుండానే ఆగిపోయింది. ఆ తర్వాత మనుషులు పరుగెత్తిన చప్పుడు, ఎవరో "డాక్టరు, డాక్టరు" అని అరిచిన అరుపు. ఒరిన్‌కుల్ కిటికీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నుర్తాయ్ ప్రాణం దక్కింది గాని కుడి చెయ్యి భుజం దాకా పోయింది.

మర్నాడు పొద్దున్న పుస్తకం తెరిచింది. నుర్తాయ్ సంతకం మీద అడ్డంగా గీత! పక్కన టైమూ వేసి ఉంది. అతను నల్ల పెన్నుతో పెట్టిన సంతకాన్ని ఎవరో నీలం పెన్నుతో కొట్టేశారు. ఆవిడ పుస్తకం పట్టుకుని సెక్షన్ అధికారి గదికి పరుగెత్తింది.

ఆయన తల కూడా ఎత్తలేదు. "నుర్తాయ్ పని ముగించి, సంతకం కొట్టేసి, మర్చిపోయిన పానా కోసం మళ్ళీ లోపలికి దూరాడు. జరిగింది అది."

"కాదు సార్. అతను రాలేదు. బిళ్ళ నేనే..."

"నువ్వే? చెప్పు, నువ్వే ఏం చేశావ్? ఎవరికిచ్చావ్?" ఆయన ఇప్పుడు తలెత్తాడు. "చూడమ్మా, పెద్దాయనకి పెన్షను రావడానికి ఇంకా రెండు నెలలుంది. జైల్లో తీసుకోమంటావా? వెళ్ళి పని చూసుకో."

నీళ్ళు నములుతూ తిరిగొచ్చింది. రెండు వారాలు అలాగే నమిలింది. రాత్రిళ్ళు నిద్ర లేదు, పగలు తిండి లేదు. చివరికి ఉండబట్టలేక ఆసుపత్రికి వెళ్ళింది.

నుర్తాయ్ సగం మనిషయ్యాడు. అయినా ఆవిణ్ణి చూడగానే నవ్వబోయాడు. "రా వదినా. ఎడం చేత్తో చెంచా పట్టుకోవడం నేర్చుకుంటున్నా. సగం నోట్లోకి, సగం మా అమ్మ ఒళ్ళోకి."

తల్లి జుమాగుల్ పక్కనే కూర్చుని ఉంది. ఆవిడ నవ్వలేదు.

"ప్రమాదం మీద విచారణ కమిటీ వాళ్ళొచ్చారు," అన్నాడు నుర్తాయ్, గొంతు మార్చి. "నేనే కొట్టేసి మళ్ళీ దూరానంటారు. అదే రాస్తే తప్పు నూటికి నూరుపాళ్ళూ నాది. బతికినన్నాళ్ళు ఇవ్వాల్సిన భృతి లేదు, పెట్టుడు చెయ్యి వేయించరు, పిల్లలకేమీ లేదు. నేను కొట్టెయ్యలేదు. నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"బిళ్ళ ఎవరికిచ్చావో నేనడగను. నాకు తెలీకేం కాదు. ఆయన్ని అననుగాక అనను, నన్ను ఎత్తుకు పెంచిన చెయ్యి. కానీ నువ్వు తప్ప నా తరఫున చెప్పేవాళ్ళు లేరు వదినా."

జుమాగుల్ లేచి ఒరిన్‌కుల్ చేతులు పట్టుకుంది. "సోమవారం నిన్ను పిలుస్తారట. ఉన్నది చెప్పు తల్లీ. ఒక్క మాట చాలు."

ఒక్క మాట! ఆ ఒక్క మాటే కదా పదకొండేళ్ళుగా నోట్లో లేనిది.

ఇంటికొచ్చి భర్తకి ఫోన్ చేసింది. అతను లారీ వేసుకుని ఉత్తరాన ఎక్కడో సరిహద్దు దగ్గర మంచులో ఇరుక్కుని ఉన్నాడు. అంతా విని, "మా నాన్నని నీ చేత్తో జైలుకి పంపుతావా?" అన్నాడు. వెంటనే మళ్ళీ, "నుర్తాయ్ ఎలా ఉన్నాడు?" అన్నాడు. ఆ మాట అంటూ ఏడ్చేశాడు.

సోమవారం పొద్దున్న ఒరిన్‌కుల్ టీ పోద్దామని వెళ్ళేసరికి మామగారు అప్పటికే బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. కెటిలు ఆయన చేతిలో ఉంది. ముందు పాలు, తర్వాత డికాక్షను, మర్యాద కోసం కప్పుకి సగం దాకా పోసి, ఆ కప్పుని కోడలి ముందుకి జరిపారు. టీ పొయ్యడం కోడలి పని. మామ పోస్తే కోడలు తాగడం ఏ ఇంట్లోనూ ఎవరూ చూసి ఉండరు.

"తాగు తల్లీ," అన్నారు. "నీ మనసుకి ఏది తోస్తే అది చెయ్యి."

అంతకన్నా తిట్టినా బాగుండేది. చెప్పొద్దని కాళ్ళావేళ్ళా పడితే కోపమైనా వచ్చేది. నిలబడే ఆ టీ తాగింది. చెప్పాలని అప్పుడే నిశ్చయించుకుంది. ఆయన్ని చూస్తే జాలి పొంగుకొచ్చింది, నుర్తాయ్ పిల్లలు గుర్తొచ్చి ఆ జాలిని అణుచుకుంది. తన తప్పూ ఉంది కదా, ఇద్దరమూ మోద్దాం అనుకుంది.

కమిటీ వాళ్ళు మీటింగ్ గదిలో కూర్చున్నారు. బయట నడవలో బెంచీ మీద ఒక చివర మామగారు, టోపీ ఒళ్ళో పెట్టుకుని. రెండో చివర జుమాగుల్. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

లోపల నగరం నుంచి వచ్చిన బట్టతల అధ్యక్షుడు, అతనికటూ ఇటూ ఇద్దరు, టైపు కొట్టే అమ్మాయి. ఒరిన్‌కుల్ లోపలికి రాగానే అధ్యక్షుడు చాక్లెట్ మీది కాగితం విప్పుతూ అడిగాడు.

"ప్రమాదం ఏ రోజు జరిగింది?"

"శుక్రవారం ముందు రోజు."

టైపు అమ్మాయి కిసుక్కుమంది. అధ్యక్షుడు కూడా నవ్వాడు. "ఓహో, పాతకాలం కోడలు! మా అమ్మా ఇంతే. సరే, బాధితుడు సంతకం కొట్టేశాడు, నువ్వు చూశావు. అంతేనా?"

"కాదు. అతను రాలేదు. బిళ్ళ ఇంకొకరికిచ్చాను."

"ఎవరికి?"

నోరు తెరిచింది. చెయ్యి చాచి తలుపు వైపు చూపించింది.

"వేలు చూపిస్తే రికార్డుకెక్కదమ్మా. పేరు, తండ్రి పేరు."

కళ్ళు గట్టిగా మూసుకుంది. అరిచినట్టే అనేసింది. "బేసెంబాయ్ ఓస్పనోవిచ్! మా మామగారు! ఆయనడిగారు, నేనిచ్చాను. సంతకం అడగలేదు. తప్పు మా ఇద్దరిదీ, నుర్తాయ్‌ది కాదు!"

కళ్ళు తెరిచి చూస్తే టైపు అమ్మాయి చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ఒక్క అక్షరం కొట్టలేదు.

అధ్యక్షుడు చాక్లెట్ నోట్లో వేసుకున్నాడు. గొంతు తగ్గించాడు, దయగానే మాట్లాడాడు, అదే ఇంకా ఘోరం. "కూర్చో. మంచినీళ్ళు తాగు. చూడమ్మా, నివేదిక పోయిన మంగళవారమే నగరానికెళ్ళిపోయింది. మా ముగ్గురి సంతకాలూ అయిపోయాయి. నిన్ను పిలిచింది చదివి వినిపించడానికే."

"మరి నేను చెప్పింది?"

"పుస్తకంలో గీత ఉంది. పుస్తకం సాక్ష్యం, నీ మాట మాట. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు."

"పెట్టను."

"పోనీ. 'సంతకానికి నిరాకరించింది' అని రాస్తాం. అదీ చెల్లుతుంది."

"సార్, మా ఇంటి పెద్దాయన పేరు చెప్పాను నేను. అర్థమవుతోందా మీకు? నా నోటితో చెప్పాను!"

"అర్థమైంది. మర్చిపోతాం, నువ్వూ మర్చిపో," అన్నాడు అధ్యక్షుడు. కాగితాలు సర్దుకుంటున్నాడు. మధ్యాహ్నం రైలుకి వెళ్ళాలట.

అరవాలా? కాగితాలు లాక్కుని చింపాలా? చింపితే మాత్రం ఏం లాభం, అసలు కాగితం నగరంలో ఉంది. టైపు అమ్మాయి వచ్చి మెల్లిగా భుజం పట్టుకుని బయటికి పంపింది. వెనక తలుపు మూసుకుంది.

నడవలో ఇద్దరూ లేచి నిలబడి ఉన్నారు. ఆవిడ అరిచిన అరుపు తలుపు దాటి వినిపించింది. ఆ తర్వాతి మాటలు వినిపించలేదు.

మామగారు జుమాగుల్ వైపు తిరిగారు. "నేనే చెల్లీ. నేనే అడిగి తీసుకున్నాను. నీ కొడుకు ఉసురు నాకే తగలాలి." అంత మనిషీ చిన్నపిల్లాడిలా వెక్కుతున్నారు.

జుమాగుల్ "అది తర్వాత చూసుకుందాం అన్నా," అని గబగబా ఒరిన్‌కుల్ దగ్గరికొచ్చింది. రెండు చేతులతో మొహం పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. "నా తల్లే, నా బంగారు తల్లే! విన్నాను. ఆ పేరు నీ నోట రావడం ఎంత కష్టమో నాకు తెలీదా, నేనూ కోడల్నే కదా. నీ కడుపు చల్లగుండ! రాసుకున్నారు కదూ?"

ఆ ముసలి కళ్ళల్లోకి చూసి లేదని ఎలా చెప్పాలి? నేను మాత్రం చెప్పలేను. మీరైతే చెప్పండి చూద్దాం.

"రాసుకున్నారు పెద్దమ్మా," అంది ఒరిన్‌కుల్.

"ఇప్పుడే వెళ్ళి వాడికి చెప్పొస్తా. రెండు వారాల్నుంచి గోడ వైపే తిరిగి పడుకుంటున్నాడు నా తండ్రి." అంటూనే ముసలావిడ కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా మెట్ల వైపు పరుగుతీసింది.

మామగారు కళ్ళు తుడుచుకుని కోడలి వైపు చూశారు. నలభై ఏళ్ళు ఆ కర్మాగారంలో పనిచేసిన మనిషి, అక్కడ కాగితాలెలా నడుస్తాయో ఆయనకొకరు చెప్పాలా.

"రాసుకోలేదు కదమ్మా?"

ఒరిన్‌కుల్ తల అడ్డంగా ఊపింది.

ఆయన వెళ్ళి ఆ తలుపు కొట్టారు. ఒకసారి, రెండుసార్లు, ఆ తర్వాత రెండు పిడికిళ్ళతో. "నా మాట రాసుకోండి! నేనే చెప్తున్నాను, రాసుకోండి!" ఆ గదికి రెండో తలుపు ఉంది, వాళ్ళు అటునుంచి కారు దగ్గరికి వెళ్ళిపోయారు.

నడవ కిటికీలోంచి కింద రోడ్డు కనిపిస్తోంది. ఆసుపత్రి వైపు వెళ్ళే బస్సు కదలబోతోంది. జుమాగుల్ మంచులో జారుతూ, చెయ్యి ఊపుతూ, ఆపమని కేకలేస్తూ పరుగెడుతోంది. డ్రైవరు చూసి ఆపాడు. ఆవిడ ఎక్కుతూ ఒకసారి వెనక్కి తిరిగి, కిటికీలో ఉన్న వీళ్ళిద్దర్నీ చూసి నవ్వింది.

దిగి వెళ్ళి ఆవిణ్ణి ఆపడానికి మామా కోడళ్ళలో ఎవరూ కదల్లేదు.