మూల కాపలా

ఆదివారం పొద్దున మా ఇంట్లో ఎవరూ స్నానం చెయ్యడానికి వీల్లేదు. ఉన్న ఒక్క తొట్టి నిండా పెట్రోలు బంకులో కొన్న ఐసు. ఆటకి ముందు ఒళ్ళు నొప్పులు తగ్గాలని ఆ ఐసులో మెడదాకా మునిగి మా బావ మార్విస్ టాలీ. అవతల చర్చికి వేళవుతూ ఉంటుంది. అందరూ మర్యాదగా మిస్ ఓడెల్ అని పిలిచే మా అమ్మ జుట్టుకి గుడ్డ చుట్టుకుని, భుజాన తువ్వాలేసుకుని తలుపు బయట నిలబడి ఉంటుంది.

"అల్లుడూ, ఉన్నావా, పోయావా?"

"ఉన్నానత్తయ్యా."

"ఉంటే బయటికి రా. నిన్న వేయించిన చేప వాసనతో దేవుడి ముందు కూర్చోలేను."

మార్విస్ లేచాడు. మనిషి పెద్ద పొడగరేమీ కాదు. నడుము పైన చూస్తే బ్యాంకు గుమాస్తా అనుకోవచ్చు. నడుము కింద మాత్రం తొడలు రెండూ రెండు మద్దెలలా ఉంటాయి. మోకాళ్ళ మీద పాత కుట్ల గీతలు. చేతివేళ్ళు పది ఉన్నా అన్నీ ఒకే దిక్కుకి చూడవు. ఎడమ చేతి ఉంగరం వేలు మిగతా వాటితో మాటల్లేనట్టు పక్కకి తిరిగి ఉంటుంది. అందుకని పెళ్ళి ఉంగరం గొలుసుకి కట్టి మెళ్ళో వేసుకుంటాడు. ఒళ్ళు తుడుచుకుంటూ, బాత్రూములో తివాచీ మీదే ఏడెనిమిది అడుగులు వెనక్కి నడిచి చూసుకున్నాడు. మిగతా మొగుళ్ళు ఆదివారం పొద్దున పేపరు చదువుతారు. ఇతను వెనక్కి నడుస్తాడు.

అతని ఉద్యోగమే అది. అవతలి జట్టులో అందరికంటే వడిగా ఉరికేవాడు బంతి అందుకోవడానికి ముందుకి వస్తుంటే, వాడి మొహంలో మొహం పెట్టి వెనక్కి పరుగెత్తాలి. ఎటు తిరుగుతాడో వాడికి తెలుసు. మా బావకి తెలీదు. తెలీనట్టు కనపడకూడదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దీన్ని కార్నర్‌బ్యాక్ అంటారు. మా అమ్మకి ఆ పేరు పట్టుబడక చర్చిలో అందరికీ "మా అల్లుడు మూల కాపలా" అని చెప్పింది. వాళ్ళు ఏదో బ్యాంకు దగ్గర అనుకుని, స్థిరమైన ఉద్యోగమని సంతోషించారు.

స్థిరం సంగతికొస్తే, అతను చూడని ఊరు లేదు. ఏటా ఒక జట్టు పిలవడం, ఏటా ఒక జట్టు పొమ్మనడం. ఎక్కడికెళ్ళినా అతనిది స్టెప్నీ టైరు బతుకే. బండి సాఫీగా వెళ్తున్నంతసేపు డిక్కీలో ఒకటుందని ఎవరికీ గుర్తుండదు. మా అక్క రెనెటా ప్రతి ఊళ్ళోనూ నర్సు ఉద్యోగం వెతుక్కునేది. అది దొరికి, డ్యూటీ వేళలు అలవాటయ్యేసరికి సామాను కట్టుకోవాల్సి వచ్చేది. మా ఒహాయో రాష్ట్రంలో, ఈ సరస్సు ఒడ్డు ఊళ్ళోనే మొదటిసారి ఆమెకి పగటి డ్యూటీ ఇచ్చారు. పెరట్లో టమాటా మొక్కలు కూడా వేసింది. ఊళ్ళో ఉంటామనే నమ్మకం లేనిదే టమాటా వెయ్యరు.

ఆ నమ్మకానికి పరీక్ష ఈ ఆదివారం. జట్టులో అసలు కార్నర్‌బ్యాక్ ఆస్‌బోర్న్ కాలి నరం పట్టేసి మూలన పడ్డాడు. వచ్చే వారం తిరిగి వస్తాడు. అతను వచ్చాక మార్విస్‌ని ఉంచుకోవాలో వద్దో ఈ ఆట చూసి చెప్తానన్నాడు కోచ్.

టిఫిన్ దగ్గర రెనెటా మొగుడి పళ్ళెంలో ఇంకో రెండు పాన్‌కేకులు వేసి, "ఏమయ్యా, ఇవాళ నీ పేరు నాకు వినపడకూడదు," అంది.

"వినపడదులే," అన్నాడు మార్విస్.

ఇది మా ఇంట్లో దీవెన. మూల కాపలావాడు మనిషిని వదలకుండా అంటుకుని ఉంటే అటువైపు బంతే రాదు. బంతి రాకపోతే కెమెరా రాదు, పేరూ రాదు. ఎవడో అతన్ని దాటి ఉడాయించినప్పుడే టీవీలో పేరు చెప్తారు. ఇదంతా మాకు ఎంత మామూలైపోయిందంటే, మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఈ మధ్యే అలబామా నుంచి వచ్చిన మా అమ్మకి చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆవిడ ఆ మాట విని అల్లుడి వంక జాలిగా చూసింది. కూతురికి మొగుడంటే ఇంత అసూయ ఏమిటా అనుకున్నట్టుంది. చర్చికి వెళ్ళి, అల్లుడి పేరు టీవీలో మోగిపోవాలని గాయక బృందం మొత్తం చేత, ఆర్గాను తోడుగా, ప్రార్థన చేయించి వచ్చింది.

ఆట మొదలయ్యేసరికి మా హాలు నిండింది. నిండడమంటే మేము ముగ్గురం, పక్కింటి మిస్టర్ డోబ్స్. ఆయన బీమా ఏజెంటు. స్కూల్లో ఉండగా తనూ ఈ ఆట ఆడానంటాడు. ఆ సంగతి చెప్పకుండా మా ఇంట్లో చిప్స్ ముట్టడు.

రెండో ఎత్తులోనే, అంటే బంతి రెండోసారి కదలగానే, అవతలి పచ్చ చొక్కావాడు లోపలికి తిరిగినట్టు తిరిగి బయటికి ఉరికాడు. మార్విస్ నడుము ఒక రవ్వ ఆలస్యంగా తిరిగింది. ఆ రవ్వే చాలు. బంతి అతని తలమీదుగా వెళ్ళి పచ్చ చొక్కావాడి గుండెల మీద వాలింది. వాడు బంతితో చివరి గీత దాటి ఆరు పాయింట్లు కొట్టేశాడు. టచ్‌డౌన్.

"టాలీని దాటేశాడు! టాలీ ఎక్కడున్నాడు? మళ్ళీ చూద్దాం టాలీని!" అన్నాడు టీవీలో వ్యాఖ్యాత.

మా అమ్మ కొత్త మోకాలి మీద లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "విన్నారా? మూడుసార్లు."

"అమ్మా, కూర్చో," అంది రెనెటా.

"ఎందుకే? నెమ్మదిగా కూడా వేసి చూపిస్తున్నారు మనవాణ్ణి."

"వాడు ఈయన్ని దాటి పోయాడమ్మా. అందుకు చూపిస్తున్నారు. పేరు వినపడితే తప్పు చేశాడని."

అమ్మ తెర వంక చూసింది, మా అందరి మొహాలూ చూసింది. "మరి పొద్దుట్నుంచి నేను ఎవరి కోసం ప్రార్థన చేసినట్టు?"

"ఆ పచ్చ చొక్కా వాడి కోసం," అన్నాడు డోబ్స్ చిప్స్ నములుతూ.

అమ్మ వెంటనే గాయక బృందం నడిపే ఆవిడకి ఫోన్ చేసింది. "సిస్టర్ ఎర్లీన్, పొద్దున మనం అడిగింది రద్దు చేయించండి. అవును, అంతా. పేరు వినపడకూడదని అడగండి. ఎందుకని అడక్కండి, దేవుడికి అర్థమవుతుంది. అందర్నీ లేపండి, భోజనం మధ్యలో ఉన్నా సరే."

మైదానంలో మార్విస్ హెల్మెట్ సర్దుకుని, గడ్డి మీద ఒకసారి ఉమ్మి, జరిగింది మర్చిపోయాడు. మర్చిపోవడం ఆ వృత్తికి ప్రాణం. ఇప్పుడు ఓడిన సంగతి మనసులో పెట్టుకుంటే తర్వాతి ఎత్తులో కాళ్ళు బిగుసుకుంటాయి. ఈ విద్య అతనికి ఎంత ఒంటబట్టిందంటే, ఇంటికి తేవలసిన పాలు, పెళ్ళిరోజు, రెనెటా చెప్పిన ప్రతి మాటా అదే వేగంతో మర్చిపోతాడు. ఇంట్లో తిట్లు తినిపించే గుణానికే అక్కడ జీతమిస్తారు.

ఇక అక్కణ్ణుంచి అతను పచ్చ చొక్కావాడికి జిగురులా అంటుకున్నాడు. వాడు ఆగితే ఆగాడు, వాడు వంగితే వంగాడు. రెండుసార్లు బంతి విసిరేవాడు చెయ్యెత్తి, అటు చూసి, మనసు మార్చుకుని ఇంకోవైపు విసిరాడు. ప్రతి ఎత్తుకీ మా అమ్మ అడిగేది.

"పేరు చెప్పాడా?"

"లేదమ్మా."

"ప్రభువుకి స్తోత్రం."

ఆట చివరికొచ్చేసరికి మా జట్టు అతి కొద్ది తేడాతో పైన ఉంది. అవతలివాళ్ళకి ఒకే ఒక్క ఎత్తు మిగిలింది. మా అక్క సోఫా వెనక్కి వెళ్ళి నిలబడింది. డోబ్స్ చిప్స్ గిన్నె కింద పెట్టాడు. ఆయన చెయ్యి ఖాళీగా ఉండగా చూడ్డం నాకదే మొదలు.

పచ్చ చొక్కావాడు ఉరికాడు. మార్విస్ వెనక్కి, వెనక్కి, ఇంకా వెనక్కి. వాడు లోపలికి తిరిగినట్టు తిరిగాడు, మొదటిసారిలాగే. ఈసారి మార్విస్ నమ్మలేదు. ఇద్దరూ గీత వైపు పక్కపక్కన పరుగెత్తుతుంటే బంతి పైనుంచి గిర్రున తిరుగుతూ దిగింది. వాడు రెండు చేతులూ చాచాడు. మార్విస్ బంతి వంక చూడనేలేదు. వాడి కళ్ళనే చూస్తున్నాడు. ఆ కళ్ళు పెద్దవైన క్షణాన ఎడమ చెయ్యి విసిరాడు. మంచి వేళ్ళు నాలుగూ అందుకోలేకపోయాయి. ఎవరితోనూ మాటల్లేని ఆ వంకర వేలు బంతి అంచుకి తగిలింది. బంతి ఒక పిసరు పక్కకి తిరిగి, వాడి అరచేతుల్లోంచి జారి గడ్డి మీద పడింది.

మా హాలు ఎగిరింది. ఎవరు ఎవర్ని కావలించుకున్నారో తెలీదు. నన్ను మాత్రం డోబ్స్ కావలించుకున్నాడు.

"అయ్యో, చేతిలో పడ్డ బంతి వదిలేశాడు పాపం!" అన్నాడు వ్యాఖ్యాత.

"చూశావా," అన్నాడు డోబ్స్. "వాడు వదిలేశాడు కాబట్టి గెలిచాం. మా కాలంలో అయితే..."

"నువ్వు నోరు ముయ్యి నాయనా," అంది మా అమ్మ. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. "పేరు చెప్పలేదు. మా అల్లుడే ఆపాడు."

సాయంత్రం మార్విస్ ఇంటికొచ్చి, వేయించిన కోడి, మకరోనీ ముందుకి జరుపుకున్నాడు. తింటూ తింటూ ఎడమ చెయ్యి పైకెత్తి, "తగిలిందత్తయ్యా," అన్నాడు.

"చూశానయ్యా. తిను."

మంగళవారం కోచ్ పిలిపించాడు.

"నీ ఆటకి వంక పెట్టను టాలీ," అన్నాడట. "ఆస్‌బోర్న్ వచ్చేశాడు. ముందు వరసలో ఒకడికి భుజం విరిగింది. నాకిప్పుడు ఒక లావుపాటి మనిషి కావాలి. నువ్వు లావు కాలేవు కదా."

కాలేనని ఒప్పుకుని మార్విస్ షేక్‌హ్యాండ్ ఇచ్చి వచ్చేశాడు. లాకరు సామాను నల్ల చెత్త సంచిలో వేసి ఇచ్చారు. అక్కడి పద్ధతి అదే. మధ్యాహ్నానికల్లా ఎడారి రాష్ట్రం నుంచి ఒక జట్టు ఫోన్ చేసింది. వారమంతా ప్రాక్టీసులో దెబ్బలు తినాలి, ఆదివారం మామూలు బట్టల్లో నిలబడి చూడాలి. సరేనన్నాడు. రెనెటా డ్యూటీ నుంచి పరుగున వచ్చి, అతన్ని విమానాశ్రయంలో దింపడానికి కారు తీసింది.

"ఆ ఊరికి నేను రాను," అంది విమానాశ్రయం గేటు దగ్గర. "ఈసారి నువ్వే ఇంటికి రా."

"వస్తా," అన్నాడు. "టమాటాలు..."

"నేను పోస్తాలే నీళ్ళు. ఈ మాట మాత్రం మర్చిపోకు."

సాయంత్రం వార్తల్లో వ్యాఖ్యాత, జట్టు తీసేసినవాళ్ళ జాబితాలో అతని పేరు పూర్తిగా, ఒక్క అక్షరం తప్పులేకుండా చదివాడు. మా అమ్మ లేవలేదు. వాక్యం పూర్తికాకముందే టీవీ కట్టేసింది.

ఇప్పుడు నా బాధేమిటంటే, ఆ హడావుడిలో అతను వంటింటి సింకు పక్కన పళ్ళ మధ్య కరిచిపట్టుకునే రబ్బరు తొడుగు వదిలేసి పోయాడు. ఫోన్ చేస్తే, "ఇక్కడ కొత్తది ఇచ్చారు, పారెయ్యండి," అన్నాడు. పారేద్దామంటే మా అక్క ఒప్పుకోదు. పోనీ ఎక్కడైనా దాచుదామంటే, దాచిన వస్తువు తాలూకు మనిషి తిరిగి రాడంటుంది మా అమ్మ. ఆవిడే రోజూ గిన్నెలతో పాటు తోమి ఆరబెడుతోంది. నిన్న పాస్టరు గారు కాఫీకొచ్చి, గ్లాసు అందుకోబోయి అది పట్టుకున్నారు. ఉంచాలా, తియ్యాలా? మీ ఇళ్ళల్లో ఇలాంటివి వస్తే ఏం చేస్తారో, పెద్దలు, అనుభవమున్నవాళ్ళు, దయచేసి ఎవరైనా చెప్పండి. మీరు చెప్పేదాకా అది మా కాఫీ గ్లాసుల మధ్య బోర్లించే ఉంటుంది, కుడివైపు లోతుగా దిగిన పంటిగాట్లలోంచి ఒక్కొక్క చుక్కే కారుతూ.