అద్దం అవతలి పెదవులు

నవ్వాలి, అందరూ నవ్వుతున్నారు కాబట్టి తనూ నవ్వాలి, మరీ ముందూ కాదు మరీ వెనకా కాదు, నాలుగేళ్లుగా ఇదే విద్య, ప్రెస్సులో మిషన్ల రొద చెవులు తినేసిన సంగతి కూతురికి తప్ప మూడో కంటికి తెలియదు, తెలిస్తే ఇంకేముంది, వినపడనిదాన్ని కాగితం కోసే మిషన్ పక్కన ఎవరుంచుతారు, ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ ఉద్యోగం మీదే, ఇక ప్రెస్సువాళ్లకు పాఠాలు చెప్పడానికొచ్చిన ఈ అమ్మాయి ఒకటి, పనిచేసే చోట మనుషుల మధ్య తేడాలను అర్థం చేసుకోవాలని బోర్డు మీద ఇంత లావున రాసి, ఆ బోర్డుకేసే తిరిగి మాట్లాడుతోంది, ఇటు తిరుగు తల్లీ, నీ మొహం కనిపిస్తేనే నాకు మాట, నీ జడను చూసి ఏం అర్థం చేసుకోను.

అందరూ తనవైపే చూస్తున్నారు, అమ్మాయి ఏదో అడిగినట్టుంది, ఏమడిగింది, ఔననాలా కాదనాలా, ఇదివరకు ఇలా కాలేదే, ముందే తెలిసేది కదా, ఎలా తెలిసేది, పక్క కుర్చీ ఖాళీ, కటింగ్ మిషన్ మనిషిది, బల్లగుద్దుడని అందరూ ఏడిపించేవాడిది, మాట్లాడబోయే ముందు బల్ల మీద దబ్బున కొడతాడు, మొహంలో మొహం పెట్టి, అక్కా, ఆ కట్టలు అయిపోయాయా, అని ఒక్కో మాటా నమిలి నమిలి చెబుతాడు, ఆడదాన్నని లోకువ, మీదమీదికొస్తున్నాడని మొన్ననే మేనేజరుకు కాగితం రాసిచ్చింది, అందుకే అతణ్ణి ఇప్పుడు పక్కనున్న అద్దాల గదిలోకి పిలిచారు, కానీ బల్ల అదిరితేనే కదా తను తలెత్తేది, తలెత్తితేనే కదా పెదవులు కనిపించేది, నిప్పంటుకుందని గంట మోగిన రోజు భుజం పట్టి బయటికి లాక్కెళ్లిందీ అతనే, ఛీ, చెయ్యి తియ్యమంది తను, అయ్యో, ఎంత పని చేసింది.

అద్దం అవతల మేనేజరు వీపు, అతని మొహం, పెదవులు కదులుతున్నాయి, అలవాటండీ, తప్పు నాదే, అక్కనేం అనకండి, చెప్పెయ్యి నాయనా, ఆవిడకు చెవుడని ఒక్క ముక్క చెబితే గట్టెక్కుతావు, చెప్పడం లేదు, మేనేజరు కాగితం ముందుకు తోశాడు, ఉద్యోగం మానేస్తున్నానని రాయించుకుంటున్నాడు కాబోలు, అతను జేబులో పెన్ను వెతుక్కుంటున్నాడు, తన గుట్టు కాపాడటానికి తన అన్నం వదులుకుంటున్నాడు, లేచింది, వెనక ఎవరేమంటున్నారో ఏమో, అననీ, తలుపు తోసి, ఎంత పెద్దగా వస్తోందో తనకే తెలియని గొంతుతో అంది, నాకు వినపడదండీ, నాలుగేళ్లయింది, ఈయనకు ఎప్పుడో తెలుసు, నాకే ఈయన సంగతి తెలియలేదు.